నచ్చని నవలకి రెండో భాగం

నచ్చని నవలకి రెండో భాగం చదివేవాళ్ళు కూడా ఉంటారా అని ఎవరైనా అడిగితే, ముందుగా మన వారపత్రికల పాఠకుల్నే చూపిస్తాను. "ఈ సీరియల్ ఏమీ బాగులేదండీ, ఆ నాయిక ఏడుపు భరించలేకపోతున్నాం" అని ఉత్తరం రాసే ఆవిడే, పత్రిక ఒక్కరోజు ఆలస్యమైతే దుకాణానికి మనిషిని పంపిస్తుంది. తిట్టడానికైనా తర్వాత ఏమయిందో తెలియాలి గదా! నచ్చిన నవల ముగిస్తే పుస్తకం మూసి హాయిగా నిద్రపోవచ్చు. నచ్చని నవల అలా కాదు. అది తీరని తగువు.

నాకు అలాంటి తగువు ఒక అమెరికన్ నవలతో పడింది. దాని పేరు 'ట్వైలైట్'. రాసినావిడ స్టెఫనీ మేయర్. అప్పటికి అరిజోనా రాష్ట్రంలో ముగ్గురు చిన్న మగపిల్లల్ని పెంచుకుంటున్న గృహిణి. 2003 జూన్ 2వ తేదీన ఆవిడ ఒక కలలోంచి మేలుకుందట. అడవి మధ్య పచ్చికబయలు. అక్కడ ఒక మామూలు పిల్ల, ఎండ తగిలితే ఒళ్ళు తళతళలాడే ఒక రక్తపిశాచి కుర్రవాడు, ఇద్దరూ తమ ప్రేమలో ఉన్న చిక్కు గురించి మాట్లాడుకుంటున్నారు. కల మరిచిపోకుండా రాసి పెట్టుకుని, దాని చుట్టూ నవల అల్లింది. 2005 అక్టోబరులో అచ్చయింది. ముగ్గురు పిల్లల అల్లరి మధ్య దరిదాపు అయిదువందల పేజీలు రాసిందంటే, ఆ ఒక్క సంగతికి ఆవిడకి నమస్కారం పెట్టాల్సిందే.

కథ టూకీగా ఇది. వాషింగ్టన్ రాష్ట్రంలో వాయవ్య మూల ఫోర్క్స్ అని చిన్న ఊరు. మూడువేల పైచిలుకు జనాభా, ఏటా నూరు అంగుళాలు దాటే వాన. తల్లీ తండ్రీ విడిపోయిన బెల్లా అనే పదిహేడేళ్ళ పిల్ల, ఆ ఊళ్ళో పోలీసు అధికారిగా ఉన్న తండ్రి చార్లీ దగ్గరికి వస్తుంది. బళ్ళో ఎడ్వర్డ్ కలెన్‌ని చూస్తుంది. చూపుకి పదిహేడేళ్ళవాడే, కాని పుట్టింది 1901లో. 1918లో షికాగోలో విషజ్వరంతో చావబోతూంటే ఒక వైద్యుడు తన జాతిలో కలిపేసుకున్నాడు. ఈ కుటుంబం మనుషుల జోలికి పోకుండా జంతువుల రక్తంతో కాలక్షేపం చేస్తుంది. శాకాహారులమని తమాషాకి చెప్పుకుంటారు కూడా.

నాకెందుకు నచ్చలేదంటే, నాయకుడు పిశాచి కావడం వల్ల కాదు. చందమామ కథలు చదివి పెరిగిన వాళ్ళకి పిశాచాలు కొత్తా? ఆరడుగుల అందగాడు, పెద్ద కారు, చీకాకు మొహం, లోపల మాత్రం వెన్న లాంటి మనసు—ఇలాంటి నాయకుణ్ణి మన రచయిత్రులు ఎప్పుడో మనకి పరిచయం చేశారు. కాని మన నాయికకి కాస్త నోరుండేది. పేదరికమైనా ఆత్మాభిమానం ఉండేది. నాయకుణ్ణి నాలుగు మాటలని గాని లొంగేది కాదు. బెల్లాకి ఆ నోరు లేదు. ఆ కుర్రాడు రాత్రిపూట కిటికీలోంచి గదిలోకి వచ్చి తను నిద్రపోతూంటే చూస్తూ కూర్చున్నాడని తెలిస్తే, పిల్ల భయపడదు సరికదా, మురిసిపోతుంది! పక్క గదిలో తండ్రి పోలీసు తుపాకీ గోడకి తగిలించుకుని గుర్రుపెట్టి నిద్రపోతూంటాడు.

నా అభిప్రాయం ఇంట్లో అందరికీ వినబడేలా చెప్పాను. మా అక్క కూతురికి కోపం వచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతోంది; పాఠ్యపుస్తకాలకన్నా ఈ నవలలు ఎక్కువసార్లు చదివింది.

"ఒక్క భాగం చదివి తీర్పు చెప్పేస్తావా పిన్నీ? సగం విని తీర్పు చెప్పే జడ్జీని ఏమంటారు?" అంది.

మాట బాగానే ఉంది. అదీగాక, పదిహేడేళ్ళ పిల్ల ఒక కథని పట్టుకుని మూడు నాలుగు సార్లు చదువుతోందంటే, ఆ కథ దానికి ఏం చెబుతోందో పెద్దవాళ్ళకి తెలియాలి. పుస్తకం లాక్కోవడం సులువు. తెలుసుకోవాలంటే చదవాలి. అంచేత 'న్యూ మూన్' మొదలుపెట్టాను. 2006లో వచ్చింది, ఇదీ అయిదువందల పేజీలు దాటింది.

మొదటి ఘట్టం చదువుతూంటేనే నవ్వొచ్చింది. నాయికకి ఆ రోజుతో పద్ధెనిమిదేళ్ళు నిండుతాయి. తాను ముసలిదయిపోయినట్టు కలగని బెంబేలెత్తి నిద్ర లేస్తుంది. పద్ధెనిమిదికే! ప్రియుడికి ఎప్పటికీ పదిహేడే గనక, తను ఒక ఏడాది పెద్దదయిపోయిందని దిగులు. ఈ వాక్యాలు మోకాళ్ళ నొప్పుల తైలం పక్కన పెట్టుకుని చదివితే కలిగే రసం వేరు.

పుట్టినరోజు పండగ కలెన్ల ఇంట్లో. కానుక మీద చుట్టిన కాగితం విప్పుతూంటే బెల్లా వేలు కోసుకుంటుంది. ఒక్క చుక్క నెత్తురు. ఎడ్వర్డ్ సోదరుడు జాస్పర్ నిగ్రహం తప్పి మీదికి ఉరుకుతాడు. ఎడ్వర్డ్ ఆమెని కాపాడబోయి గాజు సామాను మీదికి నెట్టేసరికి, చిన్న గాటు పెద్ద గాయమవుతుంది. తనవల్ల ఈ పిల్లకి ఎప్పటికైనా ముప్పేనని ఎడ్వర్డ్ నిశ్చయించుకుని, ఆమెని అడవిలోకి తీసుకువెళ్ళి, నువ్వు నాకు అక్కర్లేదని అబద్ధమాడి, కుటుంబంతో సహా ఊరు విడిచి పోతాడు. మొత్తం నవలకి మూలం కాగితం కోత.

తరువాత వచ్చేది ఈ పుస్తకంలో అందరూ చెప్పుకునే చోటు. అక్టోబరు అని ఒక పేజీ. అందులో ఆ మాట తప్ప ఇంకేమీ ఉండదు. తరవాతి పేజీలో నవంబరు. ఆ తరువాత డిసెంబరు, జనవరి. నాలుగు నెలలు నాలుగు తెల్ల కాగితాలు.

"ఇది రాయడమా, రాయకపోవడమా?" అన్నాను.

"రాయడమే పిన్నీ. మొన్న నా స్నేహితురాలు వాళ్ళ నాన్న పోయినప్పుడు మూడు నెలలు కాలేజీకి వచ్చింది. ఏం పాఠాలు విన్నావంటే ఒక్కటీ చెప్పలేకపోయింది. దానికి ఆ నెలలు ఇలాగే ఉండి ఉంటాయి" అంది మా పిల్ల.

ఆ జవాబు నన్ను కాసేపు ఆలోచనలో పడేసింది. దుఃఖం గురించి ఆ మాట నిజమే. కాని తండ్రి పోవడం, ప్రియుడు మానేసి పోవడం ఒకే తూకానికి వస్తాయా? రచయిత్రి వస్తాయంటుంది. ఆ తెల్ల పేజీలు దాటాక మొదటి దృశ్యం చూడండి. చార్లీ భోజనాల బల్ల మీద పిడికిలితో గుద్ది, నిన్ను మీ అమ్మ దగ్గరికి పంపించేస్తానంటాడు. నాలుగు నెలలుగా కూతురు బడికి వెళ్తోంది, వంట చేస్తోంది, మార్కులు తెచ్చుకుంటోంది. రాత్రిళ్ళు మాత్రం నిద్రలో కేకలు పెడుతోంది. ఆ కేకలన్నీ పక్క గదిలోంచి విన్నవాడు చార్లీ. డాక్టరుకి చూపిద్దామంటాడు, స్నేహితులతో తిరిగి రమ్మంటాడు. మాటలు చాతకాని మనిషి. చేపలు పట్టడం, టెలివిజన్‌లో ఆటలు చూడడం తప్ప వేరే సరదా ఎరగడు. ఏం చెయ్యాలో తెలియక బల్లని గుద్దుతాడు. నాకు ఈ నవలలో మొదటిసారి ఒక మనిషి కనిపించాడు.

తరువాత కథ కొంత పుంజుకుంటుంది. అపాయంలో ఉన్నప్పుడు తన చెవిలో ఎడ్వర్డ్ గొంతు వినిపిస్తోందని బెల్లాకి తోస్తుంది. ఆ గొంతు కోసం అపాయాలు వెతుక్కోవడం మొదలుపెడుతుంది. ఎవరో పారేసిన రెండు పాత మోటారుసైకిళ్ళు సంపాదించి, తండ్రి స్నేహితుడి కొడుకు జాకబ్ దగ్గరికి తీసుకువెళ్తుంది. అతను పదహారేళ్ళ కుర్రాడు. చేతులకి మరకలు, నోటి నిండా నవ్వు. షెడ్డులో కూచుని బండ్లు బాగుచేస్తూ ఇద్దరూ చెప్పుకునే కబుర్లు చదువుతూంటే, రచయిత్రికి కథ చెప్పడం వచ్చుననిపించింది. ఆ పేజీల్లో ఎవరూ ఎవరి అందాన్నీ పొగడరు. నట్లు బిగిస్తారు, కోలా తాగుతారు, నవ్వుకుంటారు. పిల్ల మళ్ళీ అన్నం తింటోందని చార్లీ సంబరపడతాడు.

ఈ జాకబ్ క్విల్యూట్ తెగవాడు. ఆ తెగ కల్పితం కాదు. ఫోర్క్స్‌కి దగ్గర్లో సముద్రపు ఒడ్డున లా పుష్ అనే పల్లెలో ఇప్పటికీ ఉన్నారు. తమ పూర్వులు తోడేళ్ళనుంచి వచ్చారని చెప్పే పురాగాథ వాళ్ళకి నిజంగానే ఉంది. మనుషులు తోడేళ్ళుగా మారి రక్తపిశాచుల్ని చీల్చడం మాత్రం రచయిత్రి కల్పన. పుస్తకాలూ సినిమాలూ వచ్చాక యాత్రికులు అక్కడికి తోడేలు మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్ళారు. ఆ పల్లె వాళ్ళ అసలు భయం ఉప్పెన కెరటాలు. బడీ ఇళ్ళూ ఎత్తయిన చోటికి మార్చుకోవడానికి పక్కనున్న జాతీయ వనంలోంచి భూమి ఇస్తూ 2012లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది. ఈ సంగతి మా పిల్లకి చెబితే, అప్పటిదాకా జాకబ్‌ని తోడేలుగానే తలచిన మనిషి, పటం తీసి లా పుష్ ఎక్కడుందో చూసింది.

ఇహ అసలు నిరాశ ఇక్కడినుంచే. ఆ షెడ్డులో కథ ప్రాణం పోసుకుంటూంటే, రచయిత్రికి దాని మీద నమ్మకం కలగలేదు. బెల్లా కొండ అంచునుంచి సముద్రంలోకి దూకుతుంది. ఆమె చనిపోయిందని ఎడ్వర్డ్‌కి కబురందుతుంది. నిర్ధారణ కోసం టెలిఫోను చేస్తే జాకబ్ తీసి, చార్లీ అంత్యక్రియల పని మీద ఉన్నాడంటాడు. ఎవరి అంత్యక్రియలని అవతలివాడు అడగడు! ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నవలలో ఇంకో నూటయాభై పేజీలు మిగిలిపోయేవి. రోమియో జూలియట్ల కథలో అందని ఉత్తరానికి బదులు ఇక్కడ సగం తెగిన టెలిఫోను. నవల మొదట్లోనే బళ్ళో ఆ నాటకం పాఠం పెట్టించింది గనక, ఏం రాబోతోందో పాఠకుడికి ముందే తెలిసిపోతుంది.

చావడానికి ఎడ్వర్డ్ ఇటలీలో వోల్టెర్రా అనే ఊరికి పోతాడు. అక్కడ రక్తపిశాచుల రాజకుటుంబం ఉందట. నడి మధ్యాహ్నం గడియారస్తంభం కింద ఎండలోకి నడిచి తన తళతళ జనానికి చూపిస్తే వాళ్ళే తనని చంపేస్తారని ఎత్తు. బెల్లా విమానమెక్కి, దొంగిలించిన కారులో వచ్చి, ఎర్రని అంగీలు వేసుకున్న ఉత్సవ జనం మధ్య పరుగెత్తి ఆపుతుంది. ఆ పరుగు బాగానే రాసింది, కాదనను.

కాని ఆ అంత్యక్రియలు ఎవరివి? చార్లీ ప్రాణస్నేహితుడు హారీవి. ఆ రోజే గుండె ఆగిపోయింది. చార్లీ ఆ ఏర్పాట్లు చూసుకుని ఇంటికి వచ్చేసరికి కూతురు లేదు. బల్ల మీద నాలుగు ముక్కల చీటీ ఉంది. మూడు రోజులు ఆయన ఎలా గడిపాడో రచయిత్రి మనకి చెప్పదు. తిరిగి వచ్చాక, ఎడ్వర్డ్‌ని ఇంటికి రానివ్వనని ఆయన అంటే, అయితే నేనే ఇల్లు వదిలిపోతానని బెల్లా అంటుంది. ఆయన నోరు మూసుకుంటాడు. రాత్రిళ్ళు కేకలు విన్న మనిషిని ఈ నవల అడ్డుగోడ కింద జమకట్టింది. వదిలి పారిపోయినవాణ్ణి ప్రేమికుడంది. నాకు మింగుడుపడనిది ఇదే.

చివర కలెన్ల ఇంట్లో బెల్లాని తమలో కలుపుకోవాలా వద్దా అని ఓట్లు వేస్తారు. ఓటు చార్లీకి లేదు. ఎడ్వర్డ్ మాత్రం, ముందు నన్ను పెళ్ళిచేసుకో, ఆ పైన చూద్దామంటాడు. పెళ్ళి అనేసరికి, చావుకి సిద్ధపడ్డ పిల్ల జంకుతుంది. ఈ తమాషా మన పాఠకులకి నచ్చుతుంది.

ఈ సాగతీతకి ఒక కారణం ఉంది. రచయిత్రి మొదట రాసిన రెండో భాగం వేరు. అందులో కథ బడి రోజులు దాటి పెద్దల జీవితంలోకి వెళ్ళిపోయింది. ప్రచురణకర్తలు తొలి నవలని చిన్నవాళ్ళ పుస్తకంగా వేస్తూండడంతో, నాయికని ఇంకా బళ్ళోనే ఉంచి మధ్య కథలు కల్పించాల్సివచ్చింది. సీరియల్ చదివేవాళ్ళకి ఇలాంటి సాగతీత వాసన దూరంనుంచే తెలుస్తుంది. అయినా నాలుగు భాగాలూ కలిసి పదికోట్ల ప్రతులు దాటాయి. ఫోర్క్స్‌లో ఏటా సెప్టెంబరులో బెల్లా పుట్టినరోజు చుట్టూ ఉత్సవం చేస్తారు.

నేను చెప్పిందంతా మా పిల్ల ఓపిగ్గా వింది. "చార్లీ గురించి నేను అంత ఆలోచించలేదు" అంది కాసేపటికి.

"ఇంతకీ ఆ పిల్ల వాళ్ళలో కలిసిపోతే ఆయన గతేమిటే? చచ్చిపోయిందని చెబుతారా, పారిపోయిందని చెబుతారా?"

"చెప్పను."

"ఒక్క మాట చెప్పవే!"

లోపలికి వెళ్ళి మూడో భాగం, నాలుగో భాగం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మూడోదే ఆరువందల పేజీలు దాటింది.