కాయిల్ జాగ్రత్తగా చుడితే చాలా?

నర్సీపట్నంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను పెద్దలకు తెలిసిన పొగ మూడు రకాలు: చుట్ట, బీడీ, సిగరెట్. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో చదువుకుంటున్న పిల్లలకు నాలుగవది కూడా తెలుసు. అదే ఇ-సిగరెట్. వాడుకలో దీనిని వేప్ అంటున్నారు. సెలవులకు వచ్చిన అబ్బాయి సంచిలో సన్నని తీగ, కొంచెం దూది, చిన్న స్క్రూడ్రైవరు, పొట్టి బ్యాటరీలు కనబడితే అవి దేనికో తల్లిదండ్రులకు అర్థం కాదు. అడిగితే, "ఇది పొగ కాదమ్మా, ఆవిరి. కాయిల్ నేనే జాగ్రత్తగా చుట్టుకుంటాను, భయం లేదు" అంటారు. ఈ మాటలో ఎంత నిజం ఉందో మీరు తెలుసుకోవాలి.

ఇది ఎలా పనిచేస్తుంది?

ఇ-సిగరెట్‌ను 2003లో చైనాకు చెందిన హోన్ లిక్ అనే ఫార్మసిస్టు రూపొందించారు. ఇందులో పొగాకు కాలదు. కరెంటు హీటరులో తీగ వేడెక్కినట్లే, బ్యాటరీ నుండి వచ్చే విద్యుత్తుతో కాయిల్ వేడెక్కుతుంది. కాయిల్ మధ్యలో ఉన్న దూది ఒక ద్రవాన్ని పీల్చుకొని ఉంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన పదార్థాలు, చాలావరకు నికోటిన్ ఆ ద్రవంలో ఉంటాయి. వేడికి అది సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తులలోకి వెళుతుంది.

కొన్ని పరికరాలలో కాయిల్ పాడైతే వాడేవారే కొత్తది చుట్టుకుంటారు. ఇందుకు నైక్రోమ్, కాంతల్ అనే తీగలు వాడతారు. నైక్రోమ్‌లో నికెల్, క్రోమియం, కాంతల్‌లో ఇనుము, క్రోమియం, అల్యూమినియం ఉంటాయి.

చుట్టడంలో జాగ్రత్త అంటే ఏమిటి?

తీగ ఎంత పొట్టిగా, ఎంత లావుగా ఉంటే దాని నిరోధం అంత తక్కువ. నిరోధాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. నిండా ఛార్జి అయిన లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది. దానికి నేరుగా 1 ఓమ్ కాయిల్ తగిలిస్తే 4.2 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. అర ఓమ్ అయితే 8.4 ఆంపియర్లు. 0.1 ఓమ్ అయితే ఏకంగా 42 ఆంపియర్లు! అంత భారం చాలా బ్యాటరీలు మోయలేవు. బ్యాటరీ వేడెక్కి, మంట లేచి, పేలిపోవచ్చు.

నియంత్రిత పరికరంలో ఒక చిప్ ఉంటుంది. అది కాయిల్ నిరోధాన్ని కొలిచి, మరీ తక్కువగా ఉన్నా, తీగ కొనలు ఎక్కడైనా తగిలి షార్ట్ అయినా విద్యుత్తును ఆపేస్తుంది. చిప్ లేని పరికరంలో ఈ కాపలా ఉండదు. అందుకే చుట్టేవారు ముందుగా మీటరుతో నిరోధం చూస్తారు, కొనలు లోహపు గోడకు తగలకుండా కత్తిరిస్తారు, కాయిల్ అంతా సమంగా వేడెక్కుతోందా అని పరీక్షిస్తారు. ఈ మేరకు మీ అబ్బాయి చెప్పినది నిజమే.

అయితే బ్యాటరీ పై తొడుగు చిరిగిన సంగతి చిప్‌కు తెలియదు. విడి బ్యాటరీని తాళం చెవులతోను, చిల్లర నాణేలతోను కలిపి జేబులో వేసుకుంటే చిప్ ఏమీ చేయలేదు. అక్కడ షార్ట్ అయితే తొడ కాలిపోతుంది.

ఊపిరితిత్తుల మాట?

అసలు విషయం ఇక్కడ ఉంది. జాగ్రత్తగా చుట్టడం వల్ల తగ్గేది విద్యుత్ ప్రమాదం మాత్రమే. ఎంత నేర్పుగా చుట్టిన కాయిల్ అయినా లోపలికి పంపేది ఆ తుంపరనే. దూది ఆరిపోయి కాయిల్ మితిమీరి వేడెక్కితే ద్రవం విడిపోయి ఫార్మాల్డిహైడ్ వంటి విషపదార్థాలు పుడతాయి. కాయిల్ నుండి నికెల్, క్రోమియం, సీసం వంటి లోహాలు తుంపరలో కలుస్తున్నాయని అమెరికాలో 2018లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.

2019లో అమెరికాలో వేప్ వాడిన యువకులు ఉన్నట్టుండి ఆయాసంతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రిలో చేరిన లేదా మరణించిన కేసులుగా నమోదు కాగా, వారిలో 68 మంది చనిపోయినట్లు ధ్రువీకరించారు. గంజాయి రసాయనం ఉన్న ద్రవాలలో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్‌కు దీనితో గట్టి సంబంధం ఉందని తేలింది. సీసాలో ఏమి కలిసిందో కొన్నవారికి తెలియదు.

సిగరెట్ పొగతో పోల్చితే ఈ తుంపరలో కొన్ని విషాలు తక్కువే. కాని తక్కువ అంటే హాని లేదని కాదు. నికోటిన్ అలవాటు మాత్రం అలాగే పట్టుకుంటుంది.

మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ సంగతి మీకు తెలుసు. చుట్ట ఆరిపోకుండా నిప్పు వైపు నోటిలో పెట్టుకొని పీల్చడం ఎంతో నేర్పుతో కూడిన పని. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం, అడ్డపొగ తాగేవారి అంగిలిపై కలిగే మచ్చలను, పుండ్లను వివరించింది. అంగిలి క్యాన్సరుకు ఈ అలవాటు ఒక ముఖ్య కారణం. పట్టుకోవడంలో నేర్పు ఉన్నంత మాత్రాన అంగిలికి రక్షణ కలగలేదు. కాయిల్ సంగతీ అంతే.

చట్టం ఏమంటుంది?

భారతదేశంలో 2019 నుండి ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ నిషేధం. భాగాలను తయారు చేయడం, కూర్చడం కూడా చట్టం దృష్టిలో తయారీయే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. స్నేహితులకు కాయిల్స్ చుట్టి ఇచ్చే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇంట్లో మీరు చేయవలసినవి

- నికోటిన్ సీసా పసిపిల్లలకు అందనివ్వకండి. కొద్దిగా మింగినా ప్రమాదమే. వాంతులు, చొంగ, చెమటలు, ఫిట్స్ రావచ్చు. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. ఒంటిపై పడితే నీటితో బాగా కడగండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. సీసాను కూడా ఆసుపత్రికి తీసుకురండి.
- బ్యాటరీ పేలి కాలితే సిరా, పేస్టు, పేడ పూయకండి. చల్లని మంచినీటిని ధారగా పోసి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బ్యాటరీ వల్ల కాలిందని డాక్టరుకు చెప్పండి.
- పాత బ్యాటరీని పొయ్యిలో వేయకండి. రెండు కొనలకు టేపు అంటించి విడిగా ఉంచండి.
- వేప్ వాడే వ్యక్తికి ఆయాసం, ఛాతీ నొప్పి, విడవని దగ్గు ఉంటే ఆలస్యం చేయకండి. వేప్ సంగతి డాక్టరు దగ్గర దాచకండి.

తిట్టడం వల్ల అలవాటు పోదు, దాచడం మాత్రం ఎక్కువవుతుంది. మానిన మొదటి కొన్ని రోజులు చిరాకు, నిద్రలేమి, తలనొప్పి ఉంటాయి. కొన్ని వారాలలో తగ్గుముఖం పడతాయి. ఆ రోజులలో ఇంట్లోవారి ఓర్పే పెద్ద మందు. అవసరమైతే నికోటిన్ గమ్, ప్యాచ్ డాక్టరు సలహాతో వాడవచ్చు. పొగాకు మానడానికి సలహా ఇచ్చే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. అబ్బాయి పక్కన కూర్చొని, మీరే ఆ నంబరుకు ఫోన్ చేసి ఇవ్వండి. ఇంట్లో చుట్టో బీడీయో తాగే పెద్దలు ఉంటే వారు కూడా అదే రోజున మానడం మొదలుపెడితే, పిల్లవాడికి చెప్పే మాటకు బలం వస్తుంది.