జ్ఞానదంతము నేర్పు పాఠము

తిరుపతి విద్యాపురము. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1960లో ఆ పేరనే వైద్య కళాశాలయు నిచట వెలసినవి. చిత్తూరు, పలమనేరు, పీలేరు, శ్రీకాళహస్తి ప్రాంతముల పల్లెలనుండి 17, 18 ఏండ్ల ప్రాయమున చదువులకై యిచటికి వచ్చు యువతీయువకు లనేకులు. వారితోపాటు, వారికి తెలియకుండ, మరియొక యతిథియు వచ్చును. అది దవడ చివర మొలవబోవు కడపటి దంతము. తక్కిన దంతములు 12, 13 ఏండ్లకే కుదురుకొనును. ఇది మాత్రము 17 మొదలు 25 ఏండ్ల నడుమ బయలుదేరును. బుద్ధి వికసించు వయసున వచ్చునది గావున దీనికి జ్ఞానదంతమని పేరు.

పరీక్షలు పదిదినములలో నున్నవనగా వసతిగృహమున నొక విద్యార్థి నిద్ర లేచునప్పటికి చెంప వాచియుండును. నోరు తెరువబోయిన రెండు వ్రేళ్లకైనను ఎడము చాలదు. మెత్తని సంగటి ముద్ద మ్రింగినను చెవిదాక పోటు. గవదబిళ్లలని యొకరు, గాలి తగిలినదని యొకరు నందురు. లవంగనూనె యద్దుమని యొకరు, ఇటుక కాచి కాపడము పెట్టుమని వేరొకరు చెప్పుదురు. అతడు మందుల యంగడిలో నాలుగు బిళ్లలు కొని మ్రింగి, పరీక్షలు ముగిసిన పిమ్మట చూతమని యూరకుండును. నొప్పి తగ్గును, కారణము మాత్రము తగ్గదు.

ఆ కారణ మేమి? దవడలో చోటు చాలనప్పుడు కడపటి దంతము నిటారుగా లేవలేక ముందున్న దంతమునకు ఒరగి నిలిచిపోవును. సగము పైకి వచ్చిన దానిపై చిగురు మూతవలె కప్పియుండును. ఆ మూత క్రింద అన్నపు మెదుకులు చేరి క్రుళ్లును. సూక్ష్మజీవులు వృద్ధి పొందును. చీము పట్టును. ఆ తాపము దవడ కండరములకు సోకుటచే నోరు బిగిసిపోవును.

ఈ బాధ క్రొత్తది కాదు. దవడ చివరి దంతముకడ పెద్ద వాపు, తీవ్రమైన నొప్పి, లాలాజలము కారుట గల వ్యాధిని సుశ్రుతుడు అధిమాంసమని పేర్కొనెను. పెరిగిన మాంసమును ఛేదించి, వస మొదలగు ద్రవ్యముల చూర్ణమును తేనెతో కలిపి ప్రయోగింపుమనెను. పై పూతతో సరిపుచ్చక మూలమును తొలగింపవలెనను సూత్రమును ప్రాచీనులే గ్రహించిరన్నమాట.

ఉపేక్షించిన నేమగును? చీము దవడ క్రిందికి దిగి నాలుక యడుగు భాగమున వ్యాపింపవచ్చును. అపుడు నాలుక పైకి లేచి ఊపిరిదారికి అడ్డుపడును. ఈ ఘోరస్థితిని 1836లో లుడ్విగ్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. సూక్ష్మజీవనాశకములు వచ్చిన పిదప దీనివలని మరణములు చాల తగ్గినవి గాని, ఆలస్యము చేసినవారికి నేటికిని ప్రాణభయము తప్పదు. జ్వరము, మ్రింగుటకు కష్టము, గొంతుక్రింద గట్టి వాపు, మాట మారుట, ఊపిరాడకపోవుట కనిపించిన, అర్ధరాత్రియైనను పెద్దాసుపత్రికి పోవలసినదే.

అంతవరకు రానిచ్చుట యేల? వాపు తొలిదినమున గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి దంతవైద్యుని చూచిన చాలును. లవంగనూనె నొప్పిని కొంతసేపు మరపించును, వ్యాధిని మాన్పదు. చెంపపై వేడి కాపడము వాపును హెచ్చింపగలదు. వైద్యుడు చిగురు క్రింద శుభ్రపరచి, అవసరమైన మందు లిచ్చి, ఎక్సరే చిత్రము తీయించును. క్రింది పెదవికి స్పర్శ నొసగు నాడి యీ దంతపు వేళ్ల చెంతనే పోవును గావున, ఆ చిత్రము చూడక దంతమును తీయరు. నేరుగా మొలచి బాధింపని జ్ఞానదంతమును తీయ నక్కరయే లేదు. తీయవలసి వచ్చిన, వేళ్లు ముదురకముందు, యౌవనమున తీయుట సులభము.

ఇందు ఉపాధ్యాయుల పాలు కొంత కలదు. ఇల్లు విడిచి వచ్చిన విద్యార్థి బాధను మొదట గుర్తింపగలవారు వారే. తరగతిలో చెంపకు చేయి చేర్చి తలవంచి కూర్చున్నవానిని సోమరియని గద్దింపక, నోరు తెరచి చూపుమని యడిగిన మేలు. పరీక్ష మరల వ్రాయవచ్చును; ప్రాణము మరల రాదు. నొప్పి యనునది దాచుకొనవలసిన అవమానము కాదు, వినవలసిన హెచ్చరిక. జ్ఞానదంతము నేర్పు జ్ఞాన మిదియే.