గజ్జె కట్టే పిల్లకి కడుపు నిండాలి

వేసవి సెలవులు ఇచ్చారంటే పిల్లలకి పండగ, మనకి పరీక్ష. ఏప్రిల్ చివర్లో బడి మూసింది మొదలు జూన్‌లో తెరిచేదాకా వాళ్ళని ఏం చేయాలో తోచదు. చిన్నపిల్లలయితే అమ్మమ్మగారింటికి పంపిస్తాం. పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళు అక్కడికీ వెళ్ళరు, ఇక్కడా కుదురుగా ఉండరు. టీవీ, ఫోను, లేకపోతే మంచం. అందుకే "వేసవి నాట్య శిక్షణ శిబిరం" అన్న బోర్డు కనిపించగానే మనకి ప్రాణం లేచొస్తుంది.

కిందటేడు నాకూ అలాగే లేచొచ్చింది. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన మా అమ్మాయిని కూచిపూడి శిబిరంలో చేర్చాను. నలభై రోజులు నేర్పడం, నలభై ఒకటో రోజు వేదిక మీద ప్రదర్శన. ఆ నలభై రోజుల్లో అది కొంత నేర్చుకుంది, నేను అంతకంటే ఎక్కువ నేర్చుకున్నాను. నాది కాస్త ఖరీదైన పాఠం. మీకు ఆ ఖరీదు తప్పించాలనే ఇది రాస్తున్నాను.

నలభై రోజుల్లో ఏం వస్తుంది?

ముందే చెబుతున్నాను, నలభై రోజుల్లో నాట్యం రాదు. "మా పిల్ల ఈ సెలవుల్లో కూచిపూడి నేర్చేసుకుంది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. అలాగని దండగ కూడా కాదు. నాట్యమంటే ఏమిటో ఒళ్ళు తెలుసుకోవడానికి ఆ రోజులు చాలు.

మా అమ్మాయికి మొదటి వారమంతా నమస్కారం, అరమండి, అడవులే. అరమండి అంటే మోకాళ్ళు రెండు పక్కలకీ విప్పి సగం కూర్చున్నట్టు నిలబడటం. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. మీరు వంటింట్లో పాలు పొంగేదాకా అలా నిలబడి చూడండి, తెలుస్తుంది! అదే అడుగు మూడు కాలాల్లో వేయిస్తారు. మొదటి కాలం నెమ్మదిగా, రెండోది దానికి రెట్టింపు వేగం, మూడోది దానికీ రెట్టింపు. తర్వాత చేత్తో తాళం వేస్తూ జతులు చెప్పించారు. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, తకతకిట అంటే ఐదు. లెక్కలంటే పారిపోయే మా పిల్ల, అన్నం కలుపుతూ కంచం అంచు మీద ఏడు, తొమ్మిది లెక్కలు వేయడం మొదలుపెట్టింది. అభినయదర్పణంలో చెప్పిన ఒంటిచేతి ముద్రలు 28. అవి పట్టి చూపిస్తూ "ఇది పతాకం, ఇది మయూరం" అని వాళ్ళ నాన్నగారికి పాఠం చెప్పేది.

ఆపైన అందరికీ కలిపి ఒకే ఒక అంశం, చిన్న జతిస్వరం. అంతే. నలభై రోజులకి అదే ఎక్కువ. ఐదారు అంశాలు నేర్పేస్తామని ఎవరైనా అంటే అడుగుల దగ్గర కోత పడుతుందని అర్థం.

ఒక్క మాట ఎంత పని చేసింది

మూడో వారంలో ప్రదర్శనకి దుస్తుల కొలతలు తీసుకున్నారు. అద్దెకి తెచ్చే దుస్తులు కదా, ఉన్న సైజులకే పిల్లలు సరిపోవాలి. మా అమ్మాయి కాస్త బొద్దుగా ఉంటుంది. అక్కడ పెద్దవాళ్ళొకరు, "నీకు ఇది పట్టదమ్మా, నువ్వు వెనక వరసలోకి వెళ్ళిపో, ముందు వరసకి సన్నగా ఉండాలి" అన్నారట. ఆ అన్నవాళ్ళు మరునిమిషంలో మర్చిపోయే ఉంటారు. మా పిల్ల మర్చిపోలేదు. ఇంట్లో చెప్పనూ లేదు.

టిఫిన్ డబ్బా ఖాళీగానే తిరిగొచ్చేది. తింటోందనుకున్నాను. స్నేహితురాళ్ళకి పంచేస్తోందని తర్వాత తెలిసింది. రాత్రి అన్నానికి పిలిస్తే "క్లాసులో తిన్నానమ్మా" అనేది. రెండు వారాలు గడిచేసరికి బుగ్గలు లోపలికి పోయాయి. నేనేం చేశానో చెప్పమంటారా? "డాన్సు పుణ్యమా అని చక్కగా సన్నబడ్డావే!" అని మురిసిపోయాను. మా తోటికోడలికి ఫోను చేసి మరీ చెప్పాను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ కార్తెలోనే ఒకరోజు పదకొండు గంటలప్పుడు శిబిరం నుంచి ఫోనొచ్చింది. రిహార్సల్లో మూడో కాలం వేస్తూ వేస్తూ పిల్ల కూలబడిపోయిందని. నేను వెళ్ళేసరికి నీడలో పడుకోబెట్టి మొహం మీద తడిగుడ్డ వేశారు. డాక్టరుగారు చూసి సెలైన్ పెట్టించారు, రక్తపరీక్ష చేయించారు. ఒంట్లో నీరు లేదు, రక్తం తక్కువగా ఉంది, కడుపులో ఏమీ లేదు అన్నారు.

ఆ రాత్రి దాని తల నిమురుతూ "ఎందుకిలా చేశావు తల్లీ?" అని అడిగాను. ముందు ఏడ్చింది. తర్వాత వరస సంగతి చెప్పింది. "అలా ఎవరో అంటే నాకు చెప్పద్దూ?" అన్నాను. అప్పుడంది, "సన్నబడితే బాగున్నానని నువ్వు కూడా అన్నావు కదమ్మా!"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. శిబిరంలో అన్న మాట పిల్లని ఒక్కరోజు గుచ్చింది. నా మెచ్చుకోలు రోజూ పస్తు పెట్టింది.

సత్యభామ సంగతి

కోపం తగ్గాక నాట్యం చెప్పే మాస్టారి దగ్గరికి వెళ్ళాను, పోట్లాటకి కాదు, మాట్లాడటానికి. ఆయన అంతా విని చాలాసేపు ఊరుకున్నారు. "దుస్తులు పిల్లలకి సరిపోవాలి గాని, పిల్లలు దుస్తులకి సరిపోవడమేమిటమ్మా, నేను చూసుకోవలసింది" అన్నారు. మర్నాటి నుంచే క్లాసు మధ్యలో పావుగంట విరామం పెట్టి, అందరిచేతా మజ్జిగ తాగించారు.

అమ్మాయి కోలుకున్నాక ఒక ఆదివారం తెల్లవారుజామున పిల్లలందర్నీ బస్సులో కృష్ణా జిల్లా కూచిపూడికి తీసుకెళ్ళారు. తోడుగా నేనూ వెళ్ళాను. రామలింగేశ్వరస్వామి, బాలాత్రిపురసుందరి అమ్మవార్ల గుడి అరుగు మీద కూర్చోబెట్టి మాస్టారు చెప్పిన సంగతులు మీకూ చెబుతాను. సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని ఈ ఊరి భాగవతులకే అప్పగించాడని చెప్పుకుంటారు. తరతరాలుగా ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా జడ ముందుకి వేసుకుని వస్తే జనం సత్యభామనే చూశారు గాని మగవాణ్ణి చూడలేదు. ఆయనకి 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆడపిల్లలు ఈ నాట్యంలోకి ఎక్కువగా వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. ఈ ఊళ్ళో పుట్టిన వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకి నేర్పారు.

"మగవాడు సత్యభామ కాగలిగితే, మీ ఒంటి కొలత మీకు అడ్డమా? చూసేవాళ్ళకి కావలసింది మీ కళ్ళు, చేతులు, లయ" అన్నారు మాస్టారు. మా అమ్మాయి తల దించుకునే వింది గాని, తిరుగు ప్రయాణంలో నేను కట్టుకెళ్ళిన పులిహోర రెండుసార్లు పెట్టించుకుంది.

చేర్చే ముందు ఇవి అడగండి

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ లాంటి చోట్ల సెలవుల్లో శిబిరాలు పెడుతుంటారు. ఊరూరా నాట్యం మాస్టార్లు, టీచర్లు ఇళ్ళల్లో, కల్యాణమండపాల్లో నడిపేవీ ఉంటాయి. ఎక్కడ చేర్చినా ఫీజు ఒక్కటే అడిగి వచ్చేయకండి.

వేళ ఎప్పుడు? ఎండాకాలంలో పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు, లేదా సాయంత్రం ఎండ దిగాక అయితే మంచిది.

నేల ఎలాంటిది? వట్టి కాళ్ళతో గట్టిగా అడుగు వేయాలి కదా. రాతి బండల మీద, టైల్స్ మీద గంటల తరబడి వేస్తే మోకాళ్ళు, మడమలు పట్టేస్తాయి. చెక్క నేల అయితే మేలు. జంపఖానా పరుస్తామంటే వద్దనండి, జారుతుంది.

ముందు ఒళ్ళు వేడెక్కే వ్యాయామం చేయిస్తారా? అరమండిలో మోకాలు పాదం వేళ్ళ వైపే విచ్చుకోవాలి, లోపలికి వాలకూడదు. అది సరిదిద్దే గురువు దొరికితే వదలకండి.

నెలసరి రోజుల్లో ఎలా? పిల్లకి ఓపిక ఉంటే చేయొచ్చు. నొప్పిగా ఉంటే కూర్చుని తాళం వేయనిస్తారా, శుభ్రమైన బాత్‌రూము ఉందా అని మొహమాటపడకుండా అడగండి.

వరసలు ఎలా నిర్ణయిస్తారు? ఎత్తుని బట్టా, అడుగుని బట్టా, ఇంకేదన్నానా? నేను అడగని ప్రశ్న ఇదే.

డబ్బాలో ఏం పెట్టాలి?

పొద్దున్నే క్లాసయితే బయల్దేరే ముందు ఒక అరటిపండు, గ్లాసు రాగి జావ చాలు. రెండు చెంచాల రాగిపిండిని అరగ్లాసు చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీళ్ళలో పోసి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పండి. చల్లారాక ఉప్పు, మజ్జిగ కలిపి ఇవ్వండి. క్లాసు అయ్యాక ఇడ్లీయో, పెసరట్టో కడుపునిండా పెట్టండి. ఫుల్లుగా భోజనం చేస్తే మాత్రం రెండు గంటలు ఆగి గజ్జె కట్టాలి.

ఈ వయసు ఆడపిల్లలకి నెలనెలా రక్తం పోతుంది కాబట్టి ఇనుము ఎక్కువ కావాలి. తోటకూర పప్పు, నువ్వులుండలు పెట్టండి. పక్కన నిమ్మకాయో, ఉసిరికాయో ఉంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ, కాఫీ ఇవ్వకండి. తిండి తగ్గి నెలసరి తప్పుతుంటే "డాన్సు అలసటలే" అనుకోకుండా డాక్టరుకి చూపించండి.

తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం కనిపిస్తే ఆపేసి నీడకి తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, ఓఆర్‌ఎస్ నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే మాత్రం ఒంటిమీద నీళ్ళు పోస్తూ, విసురుతూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

నలభై ఒకటో రోజు

ప్రదర్శన రోజు పొద్దుటి నుంచి నాకే కాళ్ళూ చేతులూ ఆడలేదు. దుస్తులకి పక్కల కుట్లు విప్పి వదులు చేశాం. జడ వేసి, పారాణి పెట్టి, గజ్జెలు కళ్ళకద్దుకుని కట్టుకుంది. ఈసారి వరసలు ఎత్తుని బట్టి పెట్టారు. మా అమ్మాయి రెండో వరసలో కుడి చివర నిలబడింది. మూడో కాలం వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. ఒకచోట అడుగు తప్పింది, వెంటనే అందుకుంది. అంశం మొత్తం ఏడెనిమిది నిమిషాలు, అంతే!

చప్పట్లు అయ్యాక తెర వెనక్కి పరుగెత్తాను. చెమటకి కాటుక కారిపోయి ఉంది. నన్ను చూడగానే, "ఎలా చేశాను?" అని అడుగుతుందనుకున్నాను.

"అమ్మా, ఆకలేస్తోంది. ఏం తెచ్చావ్?" అంది.

సంచిలోంచి నువ్వులుండల డబ్బా తీసి చేతికిచ్చాను. ఈ వేసవిలో మీ ఇంటి పిల్ల గజ్జె కడితే, సన్నబడిందా లేదా అని చూడకండి. డబ్బా నిజంగా ఖాళీ చేస్తోందా లేదా, అది చూడండి.