తల ఊపితే మనసు మారినట్టేనా?



ప్రసూతి వార్డులో రోజూ జరిగేదే చెబుతాను. డిశ్చార్జి రోజున బాలింతను కూర్చోబెట్టి, "ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే ఇవ్వాలి. తేనె నాకించవద్దు, పంచదార నీళ్లు పట్టవద్దు, మంచినీళ్లు కూడా వద్దు" అని చెబుతాము. "అలాగే సిస్టర్" అంటుంది. పక్కనున్న అత్తగారు కూడా తల ఊపుతారు. సలహా ఇచ్చామని కేసు షీటులో రాసి సంతకం చేస్తాము.

చాలా ఏళ్ల క్రితం నేను అలా సంతకం చేసి పంపిన ఒక బిడ్డను పదిహేనో రోజున విరేచనాలతో, కళ్లు గుంటలు పడిన స్థితిలో తిరిగి తీసుకొచ్చారు. ఇంటికి వెళ్లిన మర్నాటి నుంచే ఆవుపాలలో నీళ్లు కలిపి సీసాతో పట్టారట. నాకు కోపం ఆగలేదు. అందరి ముందు ఆ అత్తగారిని కేకలేశాను. అప్పుడు ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం వరండాలో కనబడి, "సిస్టరమ్మా, పాలు చాలక బిడ్డ రాత్రంతా ఏడిస్తే ఏం చెయ్యాలో మీరు చెప్పలేదు గదా" అన్నారు. నిజమే, చెప్పలేదు. ఆమె భయమేమిటో అడగనూ లేదు. బిడ్డ దక్కింది గాని, ఆ మాట ఈనాటికీ నా చెవిలో ఉంది.

ఒక విషయం మీద మనకు ముందునుంచీ ఉన్న నమ్మకం, ఇష్టాయిష్టాలు, అలవాటు కలిసిన మొగ్గును మనస్తత్వ శాస్త్రంలో వైఖరి అంటారు. అది ఎలా మారుతుందో పరిశోధించినవారు చాలామంది ఉన్నారు. మా వృత్తికి దగ్గరగా తోచేది మాత్రం 1933లో జర్మనీ విడిచి అమెరికా చేరిన కర్ట్ లెవిన్ అనే శాస్త్రవేత్త చేసిన పని.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో మాంసానికి కొరత వచ్చింది. గుండెకాయ, మూత్రపిండాల వంటివి కూడా వండుకోవాలని ఇల్లాళ్లకు నచ్చజెప్పవలసి వచ్చింది. (మన ఇళ్లలో ఆదివారం కార్జం, బోటీ దొరికితే పండగే. వాళ్లకేమో వాటి పేరు చెబితేనే వెగటు.) లెవిన్ కొన్ని గుంపుల స్త్రీలకు చక్కని ఉపన్యాసం ఏర్పాటు చేశాడు. వాటిలోని పోషక విలువలు, దేశానికి కలిగే మేలు, వండే విధానం అన్నీ చెప్పించాడు. మిగతా గుంపులను మాత్రం మాట్లాడుకోనిచ్చాడు. "మా ఆయన ముట్టుకోడు", "వండుతుంటే వాసన వస్తుంది" అని వాళ్లే అడ్డంకులు బయటపెట్టారు. ఆ తర్వాతే వంట తెలిసిన నిపుణురాలు ఉపాయాలు చెప్పింది. చివర, వచ్చే వారంలో ఎవరు వండి చూస్తారో చేతులెత్తమన్నారు. తర్వాత విచారిస్తే, అంతకుముందు ఎన్నడూ వండని రకాన్ని ఉపన్యాసం విన్నవారిలో నూటికి 3 మంది వండారు. మాట్లాడుకుని నిర్ణయించుకున్నవారిలో 32 మంది.

ఆ పద్ధతినే తొలికాన్పు తల్లుల మీద కూడా పరీక్షించారు. ఆసుపత్రి నుంచి వెళ్లేముందు కొందరికి ఒక్కొక్కరినే కూర్చోబెట్టి 20, 25 నిమిషాలు బిడ్డ ఆహారం గురించి బోధించారు. మరికొందరిని ఆరుగురిని కలిపి కూర్చోబెట్టి, ఆరుగురికీ కలిపి అంతే సమయం ఇచ్చారు. నాలుగు వారాల తర్వాత చూస్తే, కలిసి మాట్లాడుకున్న తల్లులే సలహాను ఎక్కువగా పాటించారు. నర్సులు చాలని వార్డులో పనిచేసే నాకు ఇది చదివి ఆశ్చర్యం, కొంచెం సిగ్గు కూడా కలిగాయి. (వాళ్లకిచ్చిన సలహా నారింజ రసం, చేపనూనె గురించి. అది ఆనాటి మాట. ఆరు నెలల లోపు బిడ్డకు పండ్లరసం కూడా వద్దని నేటి సలహా.)

ఇందులో ఏది పనిచేసింది? 1955లో ఎడిత్ బెన్నెట్ అనే పరిశోధకురాలు దీన్ని విడదీసి చూసింది. ఉత్త చర్చ కాదట. నేను చేస్తానని మనిషి నిర్ణయించుకోవడం, తోటివారూ అదే అనుకుంటున్నారని గ్రహించడం, ఈ రెండే ముఖ్యమని తేల్చింది.

మరి భయపెడితే? మా సిస్టర్లలో కొందరికి ఇదే ఇష్టమైన మందు. 1965లో యేల్ విశ్వవిద్యాలయంలో ధనుర్వాతం టీకా గురించి విద్యార్థులకు పుస్తకాలు పంచారు. కొన్ని మామూలుగా ఉన్నాయి, కొన్ని రోగి బాధను ఘోరంగా చూపించాయి. ఘోరమైనవి చదివినవారు టీకా అవసరమని గట్టిగానే ఒప్పుకున్నారు. కాని వెళ్లి వేయించుకున్నది నూటికి 3 మందే. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో గుర్తుపెట్టిన పటం ఇచ్చి, తమ వారంలో ఏ వేళ కుదురుతుందో చూసుకోమన్న చోట మాత్రం సుమారు 28 మంది వెళ్లారు. ఆ కేంద్రం ఎక్కడుందో వాళ్లలో చాలామందికి ముందే తెలుసు. అయినా అంత తేడా.

ఇప్పుడు మా వార్డులో డిశ్చార్జి ఉదయం బాలింతలనూ, వెంట ఉండే అత్తగార్లనూ, అమ్మమ్మలనూ కలిపే కూర్చోబెడతాము. నేను ముందుగా అడిగేది ఒక్కటే: "ఈ రాత్రి ఇంట్లో బిడ్డ ఏడిస్తే మొదట ఎవరు ఎత్తుకుంటారు? ఎత్తుకుని ఏం చేస్తారు?" అప్పుడు అసలు మాటలు బయటికి వస్తాయి. పాలు చాలవేమో అన్నదే అందరి దిగులు. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టేనని అప్పుడు చెబితే వింటారు. పాలిచ్చి పెంచిన మరో అమ్మమ్మ ఆ మాట చెబితే ఇంకా బాగా వింటారు. చివర, ఎవరేం చేస్తారో ఎవరికివారే చెబుతారు. "రాత్రి నేను లేచి బిడ్డను కోడలికి అందిస్తాను" అని ఒక అత్తగారు అంటే పక్కావిడ కూడా అంటుంది.

అందరూ మారతారని కాదు. ఒక పెద్దావిడ, "మేమంతా తేనె నాకి పెరిగినవాళ్లమే" అని చేతిసంచిలోంచి సీసా తీసి చూపించారు. నేను లాక్కోలేదు. తేనెలో ఒక్కోసారి ఉండే సూక్ష్మజీవుల బీజాలు పసిబిడ్డ పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తాయని, ఏడాది నిండితే ఆ ప్రమాదం ఉండదని మాత్రం చెప్పాను. ఆమె ఏమీ అనకుండా సీసా సంచిలో పెట్టుకుని వెళ్లారు. ఆరు వారాల టీకాకు వచ్చినప్పుడు అడిగాను.

"ఇంకా మూత తియ్యలేదులే సిస్టరమ్మా" అన్నారు.