ఆన్‌లైన్ దరఖాస్తు: 'సబ్మిట్' నొక్కాక ఏం జరుగుతుంది?

లబ్ధిదారులకు గమనిక: అన్ని అర్హతలూ ఉన్నా, ఫారంలో ఒక్క అక్షరం తేడా వల్ల డబ్బు ఆగిపోవచ్చు. ఎందుకో తెలుసుకుంటే ఆ ఇబ్బంది రాకుండా చూసుకోవచ్చు.

వివరాలు ఎలా వెళ్తాయి?

కాగితం దరఖాస్తులో తప్పుంటే చదివినవారు అడిగి సరిచేయిస్తారు. ఆన్‌లైన్‌లో ముందుగా చదివేది సర్వర్, అంటే దరఖాస్తులన్నీ చేరే కంప్యూటర్. సబ్మిట్ నొక్కగానే ప్రతి గడిలో రాసినది ఆ గడి పేరుతో జతగా వెళ్తుంది: "పేరు - లక్ష్మి", "జిల్లా - గుంటూరు" అన్నట్టు. ఏ గడిలో ఏది రాస్తే దాన్నే తీసుకుంటుంది. మన మనసులో ఏముందో దానికి తెలియదు.

ఏ గడిలో ఏం చూసుకోవాలి?

• ఆధార్: 12 అంకెలు. చివరి అంకె, ముందున్న 11 అంకెల నుంచి లెక్కగట్టి పెట్టినది. అందుకే ఒక అంకె తప్పు కొడితే కంప్యూటర్ పట్టేయగలదు.

• ఖాతా నంబరు: ఒక్క అంకె మారితే అది ఇంకొకరి ఖాతా కావచ్చు. రెండుసార్లు అడిగేది అందుకే. రెండోసారి కూడా పాస్‌బుక్ చూసే కొట్టండి.

• ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్: మొత్తం 11. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి. ఐదోది సున్నా, ఇంగ్లిష్ 'ఓ' కాదు. మిగతా ఆరు బ్రాంచివి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ పాత పాస్‌బుక్‌లోని కోడ్ ఇప్పుడు చెల్లదు, కొత్తది బ్యాంకులో అడగండి.

• పేరు: ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే. ఇంటిపేరు ముందుందా, వెనకుందా చూసుకోండి.

• పుట్టిన తేదీ: రోజు ముందా, నెల ముందా అన్నది ఫారంలో చూసి రాయండి. 05-08, 08-05 ఒకటి కావు.

చేరిందని ఎలా తెలుస్తుంది?

దరఖాస్తు నంబరు వస్తేనే చేరినట్టు. మధ్యలో నెట్ పోతే వివరాలు చేరి ఉండొచ్చు, చేరకపోవచ్చు కూడా. వెంటనే మళ్లీ మళ్లీ నొక్కకండి, రెండు దరఖాస్తులు పడే అవకాశం ఉంది. ముందు స్టేటస్ చూడండి. నంబరు వచ్చాక ఫొటో తీసి దాచుకోండి.

జాగ్రత్త!

తాళం గుర్తు ఉంటే దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. అది అసలు ప్రభుత్వ సైటే అని కాదు. వాట్సాప్‌లో వచ్చిన లింకులో ఆధార్, ఓటీపీ ఇవ్వకండి.

మీసేవలో ఇంకొకరు నింపినా, సబ్మిట్ నొక్కకముందే స్క్రీన్ చూపించమనండి. పాస్‌బుక్ చేతిలో పెట్టుకుని ఒక్కో గడీ సరిచూసుకోండి. మొహమాటపడొద్దు, రావాల్సిన డబ్బు మీది.