సిజేరియన్ బాలింతకు ఇంటివారి ఆసరా

మీ అమ్మాయికో, కోడలికో తొలి కాన్పు ఆపరేషన్‌తో అయిందా? మీ ఇంట్లోనే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. అన్నీ అవసరమైనవేనా అన్నది వేరే చర్చ. ఆపరేషన్ అయిన పిల్ల ఇంటికొచ్చింది గనుక ఆమె సంగతి చూద్దాం.

ముందు పెద్దలకొక మాట. "మేం నొప్పులు పడి కన్నాం, దీనికేం, హాయిగా కోసి తీశారు" అన్న మాట బాలింత చెవిన పడనివ్వకండి. పొట్టను పొర పొరగా కోసి, గర్భసంచిని తెరిచి కుట్టిన పెద్ద ఆపరేషన్ అది. పైకి గాయం మానినట్టు కనిపించినా లోపలి పొరలు గట్టిపడడానికి ఆరు వారాలైనా పడుతుంది. అంతవరకూ బిడ్డకంటె బరువైనదేదీ ఎత్తకూడదు. నీళ్ల బిందె, తడిబట్టల బకెట్టు మరొకరు ఎత్తాలి. మగవాళ్లు ఎత్తినా తప్పులేదు!

అలాగని మంచం దిగనివ్వకపోవడమూ పొరపాటే. కదలకుండా పడుకుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. డాక్టర్లు మర్నాటికల్లా నడిపించేది అందుకే. లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేతిమీద ఆనుకుని లేవాలి. దగ్గు వస్తే చిన్న దిండును కుట్లమీద అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. సాంబ్రాణి పొగ వేసి ఆ దగ్గును మీరే తెప్పించకండి. పసిబిడ్డ ఊపిరికీ అది మంచిది కాదు.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందనీ, నీళ్లు తాగితే ఒళ్లు వస్తుందనీ గుక్కెడు నీళ్లకు మొహం వాచేలా చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చీము పట్టేది క్రిముల వల్లగాని పప్పు వల్ల కాదు. పాలిచ్చే తల్లికి దాహమెక్కువ. నీళ్లు తగ్గితే మలబద్ధకం, ముక్కితే కుట్లు లాగుతాయి. వెల్లుల్లి కారం ఇష్టమైతే పెట్టండి. దాంతోపాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు కూడా పెట్టండి. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు మానకూడదు. కుట్లమీద పసుపు, నూనె రాయవద్దు. శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు.

ఆపరేషన్ వల్ల పాలు పడవని భయపెట్టకండి. కొందరికి ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. బిడ్డ చీకేకొద్దీ పాలు వస్తాయి. పక్కకు తిరిగి పడుకునిగాని, బిడ్డను చంక కింద దిండుమీద ఉంచుకునిగాని ఇస్తే పొట్టమీద బరువు పడదు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, పిక్క వాచి నొప్పెట్టినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. గంటకో గుడ్డ తడిసేలా రక్తం పోయినా, ఆయాసం వచ్చినా 108 పిలవండి.

మూడో నాలుగో రోజున కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందిలో ఉన్నదే. అది రెండు వారాల్లో పోతుంది. "దృష్టి తగిలిందేమో" అని ఊరుకోకుండా రాత్రిపూట బిడ్డను మీరు రెండు గంటలు చూసి, ఆమెను నిద్రపోనివ్వండి. దిగులు రెండు వారాలు దాటినా, బిడ్డను చూడబుద్ధి కావడం లేదన్నా డాక్టరుకు చూపించాలి. ఇది జబ్బు, మందు ఉంది. చచ్చిపోవాలనిపిస్తున్నదంటే మాత్రం ఒంటరిగా వదలకండి, అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.