ఆరు బైట్ల బ్రహ్మాండం

పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటి కూడా తరచూ 32 కిలోబైట్లలో ఇమడదు. బీబీసీ మైక్రో అనే కంప్యూటరుకు ఉన్న మెమరీ మొత్తం అంతే. తెరకూ యంత్రం సొంత పనులకూ పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఆ మిగిలిన చోటులోనే 1984లో బ్రిటన్‌లో వచ్చిన ‘ఎలీట్’ అనే ఆట 8 పాలపుంతల్ని, ఒక్కోదానిలో 256 గ్రహాల్ని పెట్టింది.

రాసింది డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు. మూడు ప్రాణాలు, పెరిగే స్కోరు, పది నిమిషాల్లో ముగింపు: అప్పట్లో ఆటంటే అదే. ఇందులో అవేవీ లేవు. ఓ నావ, 100 క్రెడిట్ల డబ్బు ఇచ్చి వదిలేస్తారు. ఒక గ్రహంలో చవగ్గా కొని ఇంకోచోట అమ్ముకోవాలి, దారిలో దొంగలతో పోరాడాలి. థోర్న్ ఈఎంఐ అనే ప్రచురణ సంస్థ ఈ ఆటను వద్దంది. ఎకార్న్‌సాఫ్ట్ తీసుకుంది.

ఇన్ని గ్రహాల్ని ఎక్కడ దాచారంటే, అసలు దాచలేదు. మెలికల ముగ్గు వేసే ఆవిడకు గుర్తుండేది బొమ్మంతా కాదు. ఎన్ని చుక్కలు, మెలిక ఎటు తిప్పాలి, అంతే. ఇక్కడ చుక్కలు ఆరు బైట్లు, అంటే మూడు సంఖ్యలు. మూడింటినీ కూడితే కొత్త సంఖ్య వస్తుంది. మొదటిదాన్ని వదిలేసి కొత్తదాన్ని చివర చేర్చాలి. ముందు రెండు సంఖ్యల్ని కూడుతూ పోయే ఫిబొనాచీ వరసకు తమ్ముడన్నమాట. మొత్తం 65,535 దాటితే యంత్రం లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కనుక వరస అడ్డదిడ్డంగా కనిపిస్తుంది. కానీ మొదటి మూడూ అవే అయితే వరసా ఎప్పుడూ అదే. ఇలా నాలుగుసార్లు కూడితే తర్వాతి గ్రహం. ఈ కోడ్‌ను విప్పి చదివినవాళ్లు ఒక్కో కూడికనూ ‘ట్విస్ట్’ అంటారు, మన మెలికే!

ఆ ఆరు బైట్లలోని బిట్లలో కొన్ని గ్రహం ఎక్కడుందో చెబుతాయి, కొన్ని అక్కడి ప్రభుత్వాన్ని, ఇంకొన్ని పేరును. డి, సో అనే ముక్కలు కలిస్తే డిసో. ఒక పాలపుంతలో ఇలాగే ఓ గ్రహానికి ఇంగ్లీషు బూతుమాట పేరుగా తేలింది. లెక్కలో ఒక్క పేరును దిద్దడం కుదరదు, పాలపుంత మొత్తాన్నీ పక్కన పెట్టేశారు.

ఆరు బైట్లతో 281 లక్షల కోట్ల పాలపుంతలు సాధ్యం. ప్రచురణకర్తలు ఎనిమిది చాలన్నారు. నా ఓటు వాళ్లకే. మేక సూప్, గురుత్వం లేని క్రికెట్ అంటూ గ్రహాల వర్ణనలు మొదట నవ్విస్తాయి, తర్వాత తిరిగి తిరిగి అవే వస్తాయి. పాలపుంత మారినప్పుడల్లా ప్రతి బైటులోని బిట్లనూ ఒక గడి పక్కకు తిప్పుతారు. బైటుకు ఎనిమిదే బిట్లు గనుక ఎనిమిదోసారి మారేసరికి మొదటికే వస్తాం.

తెరదీ గారడీయే. పైన గీతల నావలకు నలుపు తెలుపుల నాణ్యమైన తెర, కింద మీటర్లకు రంగుల తెర కావాలి. రెండూ ఒకేసారి చూపే వీలు ఆ యంత్రానికి లేదు. అందుకని సెకనుకు 50 సార్లు, బొమ్మ గీస్తుండగానే మధ్యలో పద్ధతి మార్చేశారు.

బ్రేబెన్ సంస్థే 2014లో ‘ఎలీట్ డేంజరస్’ తెచ్చింది. అందులో నక్షత్ర మండలాలు 40 వేల కోట్లు. 2016 నాటి ‘నో మ్యాన్స్ స్కై’లో గ్రహాల లెక్క 18 పక్కన 18 సున్నాలు. అయినా కొత్తవాళ్లకు పాతదే చూపిస్తాను. అంతరిక్ష స్టేషన్ గిర్రున తిరుగుతుంటుంది, ద్వారం సన్నటి చీలిక, నావనూ అదే వేగంతో తిప్పుతూ దూరాలి. ఆ పని చేసిపెట్టే యంత్రం ధర 1,500 క్రెడిట్లు. చేతిలో ఉండేది 100.